వెన్ను ఫరవాలేదు, తుంటి బాగాలేదు: డెక్సా రిపోర్టులో ఏది నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. రెండు నెలల కిందట బాత్రూమ్ గుమ్మం దగ్గర కాలు జారి, కుడిచెయ్యి ఆన్చి పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు ఉంచి తీసేశారు, బాగానే అతుక్కుంది. అప్పుడు తీసిన ఎక్స్‌రేలో మిగతా ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. అయినా ఎముకల డాక్టరు గారు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించమన్నారు. ఆ రిపోర్టు చూశాక అంతా అయోమయంగా ఉంది. వెన్ను టి-స్కోరు మైనస్ 1.6. తుంటిలో తొడ ఎముక మెడ (పై గుండుకు కింద సన్నగా ఉండే భాగం) దగ్గర మైనస్ 2.7. జెడ్-స్కోరు మాత్రం మైనస్ 1.3 అనీ, అది వయసుకు మామూలేననీ స్కాన్ తీసినచోట చెప్పారు. నాలుగేళ్ల కిందట ఒక ఉచిత శిబిరంలో మడమ పెట్టి చూసే మెషిన్‌లో ఎముకలు గట్టిగా ఉన్నాయని వచ్చింది. ఒకే మనిషికి ఇన్ని రకాలుగా ఎలా వస్తుంది? ఇంకో సెంటర్‌లో మళ్లీ చేయిస్తే తేలుతుందా? రేడియేషన్ ఎక్కువైపోతుందేమోనని కూడా భయంగా ఉంది. అమ్మకు 42వ ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో పెద్దగా అరుగుదల లేదన్నారు. నాన్నకు 68. ఉబ్బసానికి తరచూ స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. ఆయనా చేయించుకోవాలా? అడిగితే "అది ఆడవాళ్ల జబ్బు" అంటున్నారు. అమ్మ నడుము భాగం వెన్నుపూసల అంకెలు పైనుంచి కిందికి విడివిడిగా ఇలా ఉన్నాయి: ఎల్-1 మైనస్ 2.6, ఎల్-2 మైనస్ 2.3, ఎల్-3 మైనస్ 0.9, ఎల్-4 మైనస్ 0.8.

జవాబు: ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. తుంటి అంకెనే నమ్మండి. వెన్ను అంకె చూసి ఊరట పడకండి. ఇంకో సెంటర్‌లో మళ్లీ డెక్సా అక్కర్లేదు. కానీ ఒక ఎక్స్‌రే తీయించాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది ఇంతవరకు ఎవరూ తీసినట్టు లేదు. మనిషిని పక్కకు తిప్పి తీసే వెన్ను ఎక్స్‌రే అది.

నేను డాక్టర్ని కాను. ఎముకల విభాగంలో ఎక్స్‌రేలు, డెక్సా స్కాన్లు తీయడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. ఏ మందు వాడాలో మీ డాక్టరు గారే చెప్పాలి. ఆ బల్ల మీద మనిషిని ఎలా పడుకోబెడితే ఏ అంకె వస్తుందో, ఆ అంకె వెనక ఏం దాక్కుని ఉంటుందో చెప్పడం మాత్రం నాకు చేతనవును.

అసలు మీకు మొదట అందిన రిపోర్టు డెక్సా కాదు, ఆ మణికట్టు. నిలబడ్డ మనిషి నిలబడ్డచోటే పడితే చెయ్యి వాయాలి, నొప్పి పుట్టాలి. గట్టి ఎముక అంతమాత్రానికి విరగదు. బండి మీంచో, మేడ మెట్ల మీంచో పడితే అది వేరే లెక్క. బాత్రూమ్ గుమ్మం దగ్గర జారి 63 ఏళ్ల మనిషి మణికట్టు విరిగిందంటే ఎముక లోపల గుల్లబారిందేమోనని అనుమానించాల్సిందే. మీ డాక్టరు గారు ఆ అనుమానంతోనే స్కాన్ రాశారు. చాలాచోట్ల కట్టు వేస్తారు, ఆరు వారాలకు విప్పుతారు, అక్కడితో కథ ముగిసిపోతుంది. ఆయన అలా వదిలేయలేదు, అది మీ అదృష్టం. ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మరో ఎముక విరిగే ముప్పు ఎక్కువ. అందులోనూ తర్వాతి ఒకటి రెండేళ్లలో ఇంకా ఎక్కువ. అందుకే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎక్స్‌రేలో "బాగానే ఉన్నాయి" అన్న మాటను ఎవరూ కావాలని తప్పుగా చెప్పలేదు. ఎక్స్‌రే ఒక నీడ. 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఆ మొదటి బొమ్మలో వేళ్ల ఎముకలూ ఉంగరమూ నీడలుగానే పడ్డాయి. ఎముక ఎక్కడ విరిగింది, ఎటు జరిగింది, అతుకు కూడుతోందా లేదా, కీలు ఎలా ఉంది, ఇవన్నీ చెప్పడంలో ఎక్స్‌రేకు సాటి లేదు. ఎముకలో ఎంత ఖనిజం ఉందో తూచడం మాత్రం దాని పని కాదు. సుమారు 30 నుంచి 40 శాతం ఖనిజం పోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో ఎముక పలచబడినట్టు కంటికి ఆనదు. ఇప్పటి డిజిటల్ మెషిన్లలో ఇంకో చిక్కుంది. బొమ్మ చక్కగా కనిపించాలని కంప్యూటర్ తెలుపు నలుపులను తనే సర్దేస్తుంది. పలచటి ఎముక కూడా తెరమీద నిండుగా కనిపించవచ్చు. కాబట్టి ఎక్స్‌రేలో గుల్లతనం కనిపించలేదంటే గుల్లతనం లేదని అర్థం కాదు. కనిపించిందంటే మాత్రం ఆలస్యమైపోయిందనే అర్థం.

డెక్సా చేసే పని తూకం లాంటిది. రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రే కిరణాలను ఒకేచోట పంపిస్తారు. కండ, కొవ్వు వాటిని ఆపే తీరు వేరు, ఎముక ఆపే తీరు వేరు. ఆ రెండింటి తేడా నుంచి కండ వాటాను తీసేసి, ఎముక వాటాను మిగులుస్తారు. చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాముల ఖనిజం అని లెక్క తేలుతుంది. టి-స్కోరు అంటే ఆ లెక్కను నిండు యవ్వనంలో ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోల్చి చూసిన అంకె. ఒక్కో అంకె దిగిందంటే సుమారు 10 నుంచి 12 శాతం సాంద్రత తగ్గినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన హద్దులనే ఇప్పటికీ వాడుతున్నాం. మైనస్ 1, అంతకంటే పైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోంది, దీన్నే ఆస్టియోపీనియా అంటారు. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే గుల్లబారిన ఎముక. దానికి తోడు ఇలా ఎముక విరిగి కూడా ఉంటే ఆ సంస్థ దాన్ని తీవ్రమైన ఆస్టియోపోరోసిస్ అంటుంది.

మరి జెడ్-స్కోరు? అది అదే వయసు ఆడవాళ్లతో పోలిక. ఆ వయసుకు అందరి ఎముకలూ ఎంతో కొంత పలచబడి ఉంటాయి కాబట్టి వాళ్లలో మీ అమ్మగారు మరీ వెనకబడి లేరని మాత్రమే ఆ మైనస్ 1.3 చెబుతుంది. వీధిలో అందరి ఇళ్ల కప్పులూ కారుతున్నాయంటే మన ఇంటి కప్పు బాగున్నట్టు కాదు కదా. నెలసరి ఇంకా ఆగని ఆడవాళ్లకు, 50 లోపు మగవాళ్లకు, పిల్లలకు జెడ్-స్కోరు చూడాలి. 63 ఏళ్ల మీ అమ్మగారి జబ్బును నిర్ణయించేది టి-స్కోరే. అది "వయసుకు మామూలే" అన్నవాళ్లు మీకు ధైర్యం చెప్పాలనే అని ఉంటారు. కానీ ఆ ఒక్క మాటతో ఎన్నో ఫైళ్లు అటక ఎక్కడం చూశాను కాబట్టి నాకు బాధగా ఉంటుంది.

ఇక మీరు వెన్నుపూసల అంకెలు విడివిడిగా రాయడం చాలా మంచి పని చేశారు. అసలు సంగతంతా అందులోనే ఉంది. వాటిని పైనుంచి కిందికి ఇంకోసారి చదవండి. ఎల్-1 మైనస్ 2.6, ఎల్-2 మైనస్ 2.3, ఆ వెంటనే ఎల్-3 మైనస్ 0.9. ఒక పూస నుంచి పక్క పూసకు వచ్చేసరికి 1.4 పెరిగింది. ఒంట్లో పక్కపక్కనే ఉన్న రెండు పూసలకు అంత తేడా మామూలుగా ఉండదు. పక్క పూసతో పోలిస్తే టి-స్కోరు తేడా 1 దాటితే ఆ పూసను లెక్కలోంచి తీసేయవచ్చనేది మా పనిలో ఒప్పుకున్న పద్ధతి. కనీసం రెండు పూసలు మిగిలితే చాలు. ఎల్-3, ఎల్-4 తీసేసి మిగతా రెండు చూస్తే మీ అమ్మగారి వెన్ను దాదాపు మైనస్ 2.5 దగ్గరికి వస్తుంది. అంటే తుంటికీ వెన్నుకూ మీరు అనుకున్నంత పేచీ లేదు. కింది రెండు పూసలు సగటును పైకి లాగేశాయి.

ఎందుకు లాగాయి? డెక్సాలో వెన్నును ముందు నుంచి వెనక్కి ఒకే వరసలో చూస్తాం. ఆ దారిలో ఏది అడ్డొచ్చినా మెషిన్ దాన్ని ఎముక కిందే లెక్క కడుతుంది. 60 దాటినవాళ్లలో చాలామందికి నడుము కింది పూసల అంచుల్లో చిన్న చిన్న కొక్కేల్లా ఎముక పెరుగుతుంది. పొట్టలో వెన్ను ముందు నుంచి దిగే పెద్ద రక్తనాళం గోడలకు సున్నం పడుతుంది. పూసల వెనక కీళ్లు అరిగి గట్టిపడతాయి. ఇవన్నీ కలిసి అంకెను పెంచేస్తాయి, బలాన్ని కాదు. ఇది మొదటి కారణం. ఇదే అయితే పెద్దగా భయపడాల్సిందేమీ లేదు.

రెండో కారణమే నన్ను కంగారు పెడుతుంది. పూస నలిగిపోతే కూడా అంకె పెరుగుతుంది. నలిగిన పూసలో ఉన్న ఖనిజం అంతే, కానీ అది తక్కువ చోటులోకి కుక్కుకుపోతుంది. చదరపు సెంటీమీటరు లెక్కలో అది ఎక్కువగా కనిపిస్తుంది. విరిగిన ఎముకే అన్నిటికంటే గట్టి ఎముకలా రిపోర్టులో నిలబడుతుంది.

ఒక పెద్దావిడ గుర్తొస్తున్నారు. రెండేళ్ల తర్వాత రెండో స్కాన్‌కు వచ్చారు. వెన్ను అంకె బాగా మెరుగైంది. వెంట వచ్చిన కూతురు మందు పనిచేసిందని ఎంతో సంబరపడింది. నేను బొమ్మ దగ్గరగా పెట్టి చూశాను. నాలుగు పూసలు నాలుగు పెట్టెల్లా ఒకదాని మీద ఒకటి ఉండాలి. రెండోది మాత్రం మిగతా వాటికంటే పొట్టిగా, అంచులు మరీ తెల్లగా ఉంది. మిగతా మూడింటి అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పెరిగింది ఆ ఒక్కటే. "నడుము నొప్పి ఏమైనా ఉందా అమ్మా" అని అడిగితే, "ఉంది నాయనా, నీళ్ల బిందె ఎత్తినప్పుడు పట్టేసింది, మూడు నెలల నుంచి మందు రాసుకుంటున్నా" అన్నారు. వెంటనే డాక్టరు గారికి చెప్పాను, పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. పూస నలిగింది. ఆ కూతురి మొహం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. అప్పటి నుంచి బొమ్మ చూడకుండా అంకె చదవడం మానేశాను. మిమ్మల్నీ అదే కోరుతున్నాను.

వెన్నుపూస విరిగిన సందర్భాల్లో దాదాపు మూడింట రెండు వంతులు బయటపడవు. పడిపోనక్కర్లేదు, దెబ్బ తగలనక్కర్లేదు. వంగి బరువెత్తితే చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. నడుము పట్టేసిందనుకుని ఊరుకుంటారు. అందుకే మీ అమ్మగారికి పక్కనుంచి తీసే ఎక్స్‌రే కావాలంటున్నాను. కొన్ని డెక్సా మెషిన్లలోనే వెన్నును పక్కనుంచి చూసే వీలుంటుంది, అది ఉంటే ఇంకా తక్కువ రేడియేషన్‌తో పని అయిపోతుంది. ఆ బొమ్మలో పూసల ముందుభాగం, వెనకభాగం ఒకే ఎత్తున ఉన్నాయా, ముందువైపు కుంగి ఉందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. ఎల్-3 దగ్గర కొక్కేలే ఉన్నాయా, నలుగుడు ఉందా అన్న సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. నలుగుడు ఉందని తేలితే మందు ఎంపికే మారిపోవచ్చు.

తుంటి అంకె మీదా మీకు అనుమానం ఉంటుంది కదా, సరిగ్గా తీశారో లేదోనని. తుంటి స్కాన్ తీసేటప్పుడు కాలు మొత్తాన్ని 15 నుంచి 25 డిగ్రీలు లోపలికి తిప్పి, పాదాన్ని ఒక చట్రానికి పట్టీతో బిగించాలి. అప్పుడే తొడ ఎముక మెడ మెషిన్‌కు పూర్తి పొడవున కనిపిస్తుంది. బొమ్మలో ఎముక లోపలివైపు ఒక చిన్న బుడిపె ఉంటుంది. కాలు సరిగ్గా తిరిగితే ఆ బుడిపె ఉండీ లేనట్టు కనిపిస్తుంది. పెద్దగా పొడుచుకొచ్చినట్టు ఉంటే కాలు సరిగ్గా తిరగలేదన్నమాట. అలా జరిగినప్పుడు మెడ కుంచించుకుపోయి కనిపించి, సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగానే వస్తుంది, తక్కువగా రాదు. కాబట్టి తీయడంలో ఆ లోపం ఉన్నా అసలు అంకె మైనస్ 2.7 కంటే కిందే ఉంటుంది. మీ రిపోర్టులోని బొమ్మలో ఆ బుడిపెను ఒకసారి చూసుకోండి. జబ్బు పేరు పెట్టేటప్పుడు వెన్ను, మొత్తం తుంటి, తొడ ఎముక మెడ, వీటిలో ఏది తక్కువగా ఉంటే దాన్నే తీసుకుంటారు. తుంటి దగ్గర ఒక్కో అంకె దిగేకొద్దీ తుంటి విరిగే ముప్పు సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. వేరే చోట్ల అంకె బాగుందని దీన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇంకో సెంటర్‌కు ఎందుకు వద్దంటున్నానంటే, ఒక కంపెనీ మెషిన్ అంకెకూ మరో కంపెనీ మెషిన్ అంకెకూ నేరుగా పోలిక కుదరదు. ఎముక అంచులను గుర్తించే పద్ధతి, లెక్క కట్టే పద్ధతి వేర్వేరు. ఒకే మెషిన్ మీద అదే రోజు రెండుసార్లు పడుకోబెట్టినా కాస్త తేడా వస్తుంది. వెన్ను దగ్గర, మొత్తం తుంటి దగ్గర సుమారు 5 శాతం, తొడ ఎముక మెడ దగ్గర సుమారు 7 శాతం దాటితేనే నిజంగా ఎముక మారిందని ధైర్యంగా చెప్పగలం. అంతకంటే తక్కువ తేడా మనిషిని పడుకోబెట్టిన తీరులోంచి కూడా రావచ్చు. ఇప్పుడు వేరేచోట చేయిస్తే మీ చేతిలో మూడో రకం అంకె పడుతుంది, టెన్షన్ పెరుగుతుంది, అంతకుమించి ఏమీ తేలదు. ఒకటి రెండేళ్ల తర్వాత మందు పనిచేస్తోందా లేదా చూడటానికి మళ్లీ చేయించాల్సి వస్తుంది. అప్పుడు ఇదే మెషిన్ మీద చేయించండి. పాత రిపోర్టు బొమ్మలతో సహా తీసుకెళ్లండి. క్యాల్షియం మాత్రలు ముందు రోజు నుంచే ఆపండి, పొట్టలో కరగకుండా మిగిలిన మాత్ర వెన్ను మీద ఎముకలా పడుతుంది. బేరియం తాగించే పరీక్షగానీ, రంగుమందు ఎక్కించే సీటీగానీ ఈమధ్య చేయించి ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి, వారం పది రోజులు ఆగమంటారు. నడుము దగ్గర జిప్పులు, లోహపు హుక్కులు లేని బట్టలు వేసుకెళ్తే చాలు.

శిబిరంలో మడమ పెట్టి చూసింది ఎక్స్‌రే కాదు, అల్ట్రాసౌండ్. ధ్వని తరంగాలు మడమ ఎముకలోంచి ఎంత వేగంగా పోతాయో చూస్తుంది. ఎవరిని డెక్సాకు పంపాలో ఏరడానికి అది కొంత పనికొస్తుంది. కానీ మైనస్ 2.5 అనే హద్దు డెక్సా కోసం పెట్టింది, దాన్ని మడమ మెషిన్ అంకెకు తగిలించకూడదు. పైగా అది నాలుగేళ్ల నాటి మాట. ఆ కాగితాన్ని ఇక పట్టించుకోకండి.

రేడియేషన్ సంగతి. ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి ఒక్కో మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల సహజ రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. డెక్సాలో తగిలేది కొద్ది మైక్రోసీవర్టులు. మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు. ఒకటి రెండు రోజులు మామూలుగా బతికితే తగిలేదానితో సమానం. చేతికి, మోకాలికి తీసే ఎక్స్‌రే అయితే ఇంకా తక్కువే. వెన్నును పక్కనుంచి తీసే ఎక్స్‌రేకు మాత్రం డోసు కాస్త ఎక్కువ. నడుము ఎక్స్‌రేలన్నీ కలిపి తీస్తే సుమారు ఒక మిల్లీసీవర్టు, ఒక్కోసారి అంతకు కొంచెం పైన, అంటే కొన్ని నెలల సహజ రేడియేషన్ అంత. 63 ఏళ్ల మనిషికి, ఇంత బలమైన కారణం ఉన్నప్పుడు, ఆ డోసుకు భయపడి ఆగాల్సిన పని లేదు. అనవసరంగా ఇంకో సెంటర్‌లో తీయించవద్దంటున్నది కూడా రేడియేషన్ భయంతో కాదు, ఉపయోగం లేదని.

మోకాళ్ల విషయం వేరు. దీన్ని ఎముక గుల్లబారడంతో కలపకండి. చాలామంది రెండింటినీ "అరుగుదల" అనే ఒక్క మాటతో అనేస్తారు. మోకాలిలో అరిగేది కీలు మధ్యనుండే మృదులాస్థి. గుల్లబారడం ఎముక లోపలి సంగతి, దానికి నొప్పే ఉండదు, విరిగేదాకా తెలియదు. పడుకోబెట్టి తీసిన మోకాలి ఎక్స్‌రేలో ఒంటి బరువు కీలు మీద పడదు. అందుకని లోపల అరిగినా సందు ఉన్నట్టే కనిపిస్తుంది. రెండు కాళ్ల మీదా నిలబెట్టి తీస్తేనే అసలు సందు ఎంతుందో బయటపడుతుంది. నొప్పి నిజంగా ఇబ్బంది పెడుతుంటే నిలబడి తీసే ఎక్స్‌రే, పక్కనుంచి ఒకటి, మోకాలి చిప్ప కోసం ఒకటి అడగండి. ఇది తొందర పని కాదు, వెన్ను తర్వాత చూడొచ్చు.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరు గారు కొన్ని రక్తపరీక్షలు రాస్తారు. రాయకపోతే మీరే మర్యాదగా అడగండి. విటమిన్ డి, క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, కిడ్నీల పనితీరు, థైరాయిడ్, అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోన్. ఎందుకంటే డెక్సా "ఖనిజం తక్కువ" అని చెబుతుందే గానీ "ఎందుకు తక్కువ" అన్నది చెప్పలేదు. విటమిన్ డి బాగా తగ్గి ఎముక మెత్తబడినా, పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసినా, కొన్ని రక్త సంబంధమైన జబ్బులున్నా అంకె ఇలాగే పడిపోతుంది. వాటి వైద్యం వేరు. మీ అమ్మగారికైతే ఒక కారణం కళ్లెదుటే ఉంది. 42వ ఏట అండాశయాలు తీసేయడంతో ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోయింది. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి. అది పాత ఆపరేషన్ కదా, దీనికీ దానికీ సంబంధమేమిటనుకుని చాలామంది చెప్పరు.

మందుల గురించి రెండే మాటలు. వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర రాస్తే, పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేదంటే అన్నవాహికలో పుండు పడవచ్చు. పైగా మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అయితే తేదీ అస్సలు దాటనివ్వకండి. చెప్పకుండా మానేస్తే ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి నలిగే ప్రమాదం ఉంది. పళ్లు తీయించుకోవాల్సిన పని ఏదైనా ఉంటే ముందే చేయించుకోవడం మంచిది.

నాన్నగారి మాట మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఇది ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది, నిజమే. కానీ మగవాళ్లను వదిలిపెట్టదు. పైగా తుంటి విరిగిన మగవాళ్లు ఆడవాళ్లకంటే త్వరగా క్షీణిస్తారు. మామూలుగా మగవాళ్లకు 70 దాటాక ఈ స్కాన్ సూచిస్తారు. స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఆ లెక్క వర్తించదు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ, మూడు నెలలు పైబడి వాడుతుంటే ఏ వయసులోనైనా ఎముకల మీద కన్నేసి ఉంచాలి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ఎముక ఎక్కువగా పోతుంది. ఆయన ఏడాదిలో ఎన్నిసార్లు, ఎన్ని రోజుల పాటు, ఎంత డోసు వాడారో పాత చీటీలు చూసి ఒక కాగితం మీద రాయండి. ఊపిరితిత్తుల డాక్టరుకు అది చూపించి డెక్సా అడగండి. ఒకటే హెచ్చరిక: ఇది చదివి భయపడి ఆ మాత్రలు ఆయనంతట ఆయనే ఆపేయకూడదు. ఉబ్బసం ముదురుతుంది, స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే వేరే ప్రాణాపాయం కూడా ఉంది.

ఈ లోపు ఇంట్లో మీరు చేయగలిగింది చేయండి. బాత్రూమ్ గుమ్మం దగ్గర తడి నిలవకుండా చూడండి. గోడకు ఒక పట్టుకునే కమ్మీ బిగించండి. రాత్రి లేచి వెళ్లే దారిలో చిన్న లైటు పెట్టండి. బిందెలు, సామాన్ల పెట్టెలు వంగి ఎత్తే పని అమ్మగారి చేత చేయించకండి. నడవడం మాత్రం మాన్పించవద్దు. మంచాన పడితే ఎముక ఇంకా త్వరగా పోతుంది.

ఈ సాయంత్రమే ఒక పని చేయండి. చెప్పుల్లేకుండా అమ్మగారిని గోడకు ఆనించి నిలబెట్టండి. మడమలు, వీపు, తల గోడకు తగలాలి. తల వెనకభాగం గోడకు ఆనకపోతే ఆ సంగతి కూడా రాసుకోండి. తల మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీసి టేపుతో కొలవండి. వయసులో ఉన్నప్పుడు ఎంత ఎత్తు ఉండేవారో పాత కాగితాల్లో ఉంటే చూడండి, లేకపోతే అమ్మనే అడగండి. తేడా 4 సెంటీమీటర్లు దాటితే ఎక్కడో పూస నలిగి ఉండవచ్చన్నది బలమైన అనుమానం. దాటకపోయినా ఎల్-3 అంకె కోసం ఎక్స్‌రే కావాల్సిందే, దాటితే మాత్రం ఈ వారంలోనే వెళ్లండి. డెక్సా రిపోర్టు బొమ్మల పేజీతో సహా, మణికట్టు ఎక్స్‌రే, ఆ ఎత్తు రాసిన కాగితం, పాత ఆపరేషన్ చీటీ ఒకే కవర్లో పెట్టుకోండి. డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న మర్చిపోకుండా అడగండి: "ఎల్-2కీ ఎల్-3కీ ఇంత తేడా ఎందుకుంది సార్, పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయిద్దామా?"